రెండు నదుల నడుమ మిట్టగల్లీ

గద్వాల బస్టాండులో ముప్పై ఏళ్ళు మోగిన గొంతు రామచంద్రయ్యది. ఆయన అక్కడ కంట్రోలరు. అద్దాల గదిలో కూర్చుని, మైకు ముందు పెట్టుకుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎక్కడి మీదుగా ఎక్కడికి పోతుందో చెప్పడం ఆయన కొలువు. మనిషి రిటైరయ్యాడు గాని గొంతు కాలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినా నాలుగిళ్ళ అవతలివాళ్ళు సామాను సర్దుకుని లేచేట్టు చెబుతాడు. ఇక ఊరి సంగతి ఎవరైనా అడిగారో, వాళ్ళ పని అయిపోయినట్టే. కోట దగ్గర మొదలుపెట్టి చీరల మీదుగా, పత్తి మీదుగా, జూరాల డ్యాం దాకా తీసుకుపోయి గాని దించడు.

అలాంటి మనిషి కొడుకు పెళ్ళి మాటల్లో నోరు కట్టుకుని కూర్చుంటాడా?

కొడుకు నిరంజన్ పత్తి విత్తనాల కంపెనీలో చేస్తాడు. అచ్చంపేట పిల్ల అర్చనను చూసి వచ్చారు. వనపర్తిలో బ్యాంకు ఉద్యోగం ఆమెకు. పిల్లకు పిల్లవాడు నచ్చాడు. పిల్లవాడికి పిల్ల ఎంత నచ్చిందంటే, చూపులైన నాటినుంచి ఫోను చెవికి అతుక్కుపోయి, అన్నం ఎడమచేత్తో తింటున్నాడా కుడిచేత్తో తింటున్నాడా అని తల్లి లలితమ్మ కనిపెట్టి చూడాల్సి వస్తోంది. ఇక మిగిలింది ఇల్లు చూసుడు. పిల్లనిచ్చేవాళ్ళు ఒకసారి వచ్చి పిల్లవాడి ఇల్లూ వాకిలీ చూసుకుని పోతారు. నచ్చితే తాంబూలాలు, లేకపోతే చాయ తాగినందుకు దండాలు.

సంబంధం తెచ్చిన హన్మంతు ఫోను చేశాడు.

"సారూ, అంత మంచిగనే ఉన్నది గని పిల్ల నాయినమ్మతోనే జర తిరకాసున్నది. రుక్కమ్మ అంటరు. ఇంట్ల ఆమె మాటే మాట. నీళ్ళున్న ఊరికే పిల్లనిస్త, లేకుంటే ఇయ్యనని కూసున్నది. అడివి అంచు పల్లెల కాపురం జేసి, జన్మంత నీళ్ళు మోసుడే ఆయెనంట."

రామచంద్రయ్య పకపకా నవ్వాడు. "గద్వాలల నీళ్ళున్నయా అని అడిగేటోళ్ళు గూడ ఉన్నరా హన్మంతూ! మాది నడిగడ్డ. ఇటు కృష్ణమ్మ, అటు తుంగభద్రమ్మ, నడుమల మేము. పిల్లనియ్యమను. నీళ్ళే గాదు, ఈత గూడ నేర్పిస్తం."

ఇందులో అబద్ధమేమీ లేదు. రెండు నదులూ ఉన్నాయి. ఆయన చెప్పకుండా వదిలేసింది మిట్టగల్లీ సంగతి ఒక్కటే. ఆయన ఇల్లున్నది అక్కడే. ఊళ్ళో మిగతా వాడలకు నల్లా నీళ్ళు ఇంట్లోకే వస్తాయి. ఈ గల్లీ ఎత్తు చూసేసరికి నీళ్ళకు కూడా ఆయాసం పుడుతుంది. రోజు విడిచి రోజు, సాయంత్రం నాలుగింటికి, గల్లీ మొదట్లో పల్లంలో ఉన్న నల్లా దాకా వచ్చి అక్కడ ఆగిపోతాయి. అక్కడినుంచి బిందెలతో మోసుకోవాలి. అందుకే ప్రతి ఇంటా నీలం రంగు డ్రమ్ములు కాపలాదారుల్లా నిలబడి ఉంటాయి. అది శ్రావణమాసం. జూరాల గేట్లెత్తారు, కృష్ణ పొంగి పొర్లుతోంది. మిట్టగల్లీవాళ్ళు మాత్రం ముందురోజు బియ్యం కడిగిన నీళ్ళు తులసిచెట్టుకు పోయాలా, బర్రెకు పెట్టాలా అని ఆలోచిస్తున్నారు.

వాళ్ళు వచ్చే ముందురోజు హన్మంతు మళ్ళీ ఫోను చేశాడు.

"సారూ, ఒక్క మాట. మొన్న నాగర్‌కర్నూల్‌ల ఒక సంబంధం చూడవోయిండ్రు. రెండంతస్తుల ఇల్లు. ముసలామె సక్కగ పెరట్లకు పోయి డ్రమ్ములు చూసింది. ఇన్ని డ్రమ్ములున్న ఇంట్ల నీళ్ళు లెవ్వు అని చాయ గూడ తాగకుంట లేచింది. మీ ఇంట్ల డ్రమ్ములు గిట్ట లెవ్వు గద?"

"లెవ్వు లెవ్వు," అన్నాడు రామచంద్రయ్య, కళ్ళెదుట వరసగా నిలబడ్డ అయిదు డ్రమ్ముల్ని చూస్తూ.

నిరంజన్ విన్నాడు. "నాయినా, ఉన్నది ఉన్నట్టు చెప్పుదాం. రేపు ఆ పిల్ల వచ్చినంక తెల్వదా?"

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెండ్లి జెయ్యమన్నరు రా. నేనింక రెండోదాంట్లనే ఉన్న. ఆ పిల్ల కావాల్నా వద్దా?"

కావాలి. ఆ సంగతి నిరంజన్ ముఖంలో ఎర్రగా కనబడింది.

పథకం రామచంద్రయ్యదే. చుట్టాలు సాయంత్రం అయిదింటికి వస్తామన్నారు. నల్లా నాలుగింటికి వస్తుంది. పొద్దున్నే డ్రమ్ములు ఎదురింటి జోగులమ్మ ఇంట్లో దాచాలి. నాలుగింటికి నిరంజన్ నాలుగు ఇత్తడి బిందెలు నింపుకొచ్చి, చింతపండుతో తోమినవి తోమినట్టు మెరుస్తుంటే అరుగు మీద పెడతాడు. చూసేవాళ్ళకు నీళ్ళు కాదు, సిరి కనబడాలి. అయితే నిండు డ్రమ్ము ఎవరు మోస్తారు? వాటిలో మిగిలిన నీళ్ళు పారబోయాలి. ఊరికే పారబోస్తే పాపమని రామచంద్రయ్యే చీపురు పట్టించి ఇల్లు కడిగించాడు, వాకిలి కడిగించాడు, అదీ చాలక గల్లీ కూడా కడిగించాడు. మిట్టగల్లీ పుట్టినప్పటినుంచి అంత తడిని చూడలేదు. ఇరుగుపొరుగులు బయటికొచ్చి ఎవరింట్లో ఏమైందోనని కంగారుపడ్డారు.

"లలితక్కా, చుట్టాలొస్తే బంగారం దాసుకుంటరు గని, డ్రమ్ములు దాసుకునుడేంది?" అంది జోగులమ్మ, అయిదో డ్రమ్మును తన పడకటింట్లోకి దొర్లిస్తూ.

"మా ఆయినె తెలివి చెల్లే," అంది లలితమ్మ. ఆమె మోకాలు నొప్పితో గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "ఆ తెలివి ముందల మనమెంత?"

పదకొండింటికి గల్లీ మొదట్లో కారు హారను మోగింది.

వచ్చింది వాళ్ళే. అర్చన తండ్రి జగదీశ్, అచ్చంపేటలో ఎరువుల దుకాణం ఆయనది, మడత నలగని తెల్లబట్టల్లో దిగాడు. తల్లి వనజ దిగింది. ముగ్గురు కలిసి శుభకార్యానికి పోకూడదు కనుక డ్రైవరు గోపిని కూడా నాలుగోవాడిగా లెక్కవేసుకుని, వాడికీ బొట్టు పెట్టి తీసుకొచ్చారు. చివర రుక్కమ్మ దిగింది. సన్నగా, వంగని నడుముతో, తలమీద ఏదో ఉన్నట్టు మెడ నిటారుగా పెట్టి నడుస్తుంది.

"అయిదింటికంటిరి గద పెద్దమ్మా?" రామచంద్రయ్య గొంతు జీవితంలో మొదటిసారి చిన్నబోయింది.

"చెప్పిన యాళ్ళకు వోతే సర్దిన ఇల్లు కనబడ్తది కొడుకా. చెప్పని యాళ్ళకు వోతే ఉన్న ఇల్లు కనబడ్తది," అంది రుక్కమ్మ.

ఇంట్లో ఉన్నవి ఒక బిందె అడుగున మిగిలిన నీళ్ళే. అందులోంచి లలితమ్మ చెంబుతో కాళ్ళకు ఇచ్చింది. జగదీశ్ చెంబుడూ కుమ్మరించుకున్నాడు. ఆ నీళ్ళు వాకిట్లో పారుతుంటే లలితమ్మ గుండె కూడా వాటి వెంట పారింది. రుక్కమ్మ మాత్రం దోసెడు నీళ్ళతో రెండు కాళ్ళూ తడిపి, మిగిలింది చెంబులోనే వెనక్కి ఇచ్చింది. అరవై ఏళ్ళ అలవాటు అది. లలితమ్మ మనసులోనే ఆమెకు దండం పెట్టుకుంది.

చాయకు నీళ్ళు మిగలలేదు. ఉన్న పాలన్నీ పోసి కాచింది. వనజ ఒక గుక్క తాగి కళ్ళు పెద్దవి చేసింది.

"ఎంత చిక్కగున్నదక్కా చాయ! నీళ్ళే కలపలేదా?"

"మా ఇంట్ల చాయల నీళ్ళు కలిపే అలవాటు లేదమ్మా," అన్నాడు రామచంద్రయ్య. ఆయనకు ధైర్యం తిరిగొస్తోంది. పైన పటారం లోన లొటారం అనేది ఆ చాయకు మాత్రం వర్తించదు.

రుక్కమ్మ అప్పటికే లేచి ఇల్లు చూస్తోంది. అరుగు పక్కన సిమెంటు మీద గుండ్రటి మరకలు అయిదు, వరసగా.

"ఇవేంది గుండ్రంగ?"

"ముగ్గులు పెద్దమ్మా. జర చెరిగిపోయినయి."

ఆమె ఆ మరకల్ని ఒకసారి, ఆయన్ని ఒకసారి చూసి ముందుకు నడిచింది. అంతలో వనజ లలితమ్మ చెవిలో ఏదో అడిగింది. లలితమ్మ ముఖం పాలిపోయింది. బాత్రూమ్‌లో బకెట్టు బోర్లించి ఉంది.

రామచంద్రయ్య ఎగిరి లేచాడు. "ఇల్లెందుకు చూస్తరు, ఇల్లెక్కడికి వోతది! పిల్లనిస్తుండ్రంటే ఊరు చూడాలె. రాండ్రి, ముందుగాల బస్టాండు. అక్కడ మస్తు సౌలతులున్నయి వనజమ్మా, సకల సౌలతులు."

నిరంజన్‌కు ఆఫీసు పని ఉందని చెప్పి ఇంట్లో వదిలేశాడు. నాలుగింటి దాకా వీళ్ళను తిప్పాలి, నాలుగున్నరకు తీసుకురావాలి. అంతే కదా! ముప్పై ఏళ్ళు ఊళ్ళకు ఊళ్ళ మీదుగా బస్సుల్ని తిప్పిన మనిషికి నలుగుర్ని తిప్పడం ఒక లెక్కా?

బస్టాండులో వనజ పని చక్కబడింది. రామచంద్రయ్య ప్లాట్‌ఫారాల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. పాత కొలీగులు కొందరు అలవాటుగా ఇటు చెవి పెట్టారు.

"ఒక ఊరు ఎట్ల బతుకుతదో తెలువాలంటే ఆ ఊరి బస్టాండు చూడాలె. ఇదో, హైదరాబాదు బస్సు. పండుగలకు ముందు వచ్చి చూడాలె, మనుషులకంటె చీరల మూటలే ఎక్కువుంటయి. ఇది రాయచూరు బస్సు, సగం బస్సు తెలుగు, సగం బస్సు కన్నడం. అది కర్నూలు, దవాఖానకు వోయేటోళ్ళు. ఇగ రాత్రి బస్సులు పుణె దిక్కు, ముంబై దిక్కు, పనులకు వోయేటోళ్ళు."

"పనులకా?" రుక్కమ్మ ఆగింది. "రెండు నదులున్న ఊరోళ్ళు పనులకు అంత దూరమెందుకు వోతరు కొడుకా?"

రామచంద్రయ్య నీళ్ళు నమిలాడు. ఆ రోజు ఆయనకు దొరికిన నీళ్ళు అవే. అందరి పొలాలూ కాలువ కింద లేవనీ, మిట్ట చేలకు వానే దిక్కనీ ఆయనకు తెలుసు. ఆ బస్సుల్లో ఎక్కేవాళ్ళ ముఖాలు కూడా తెలుసు. చెబితే సంబంధం చెడుతుంది. "కోట చూద్దాం పాండ్రి," అన్నాడు.

కోట దగ్గర ఆయనకు ఊపొచ్చింది. సంస్థానం రాజులు, వాళ్ళ దండయాత్రలు, పండితులకు ఇచ్చిన మాన్యాలు, వనపర్తి సంస్థానానికీ తమకూ ఉన్న పోటీ, అన్నీ ఏకధాటిగా చెప్పాడు. జగదీశ్ ఫోన్లో ఎరువుల లారీ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుంటున్నాడు. వనజ కొంగుతో విసురుకుంటోంది. రుక్కమ్మ ఒక్కతే గోడమీద చెయ్యి పెట్టి వింటోంది.

"అంత మట్టేనా గోడ?"

"అంత మట్టే పెద్దమ్మా! మట్టికోట అని దీనికి పేరు. ఫిరంగి గుండొచ్చి తగిలినా లోపలికి కుక్కుకుంటది గని పగులది."

"ఇంత మట్టి తడపనీకె ఎన్ని నీళ్ళు మోసిండ్రో," అంది ఆమె గోడ నిమురుతూ. "రాజు పేరు చెప్తివి, రాజు కొడుకు పేరు చెప్తివి. నీళ్ళు మోసినామె పేరు చెప్పవైతివేంది?"

ఇన్నేళ్ళలో రామచంద్రయ్యను ఎవరూ అడగని ప్రశ్న అది. ఏ బస్సు ఎందుకు ఆలస్యమైందో తెలియకపోతే "సాంకేతిక కారణాల వల్ల" అనేవాడు. ఇక్కడ ఆ మాట కూడా పనికిరాలేదు.

తర్వాత నేతవాడకు తీసుకుపోయాడు. మగ్గం మీద నూలుచీరకు పట్టుఅంచు పోగుపోగుకూ ముడిపడుతుంటే చూపించాడు. "ఈ చీర మడిస్తే అగ్గిపెట్టెల వడ్తది," అన్నాడు గర్వంగా.

"చీరను అగ్గిపెట్టెల ఎందుకు వెడ్తరు?" అంది రుక్కమ్మ. మగ్గం మీదున్నాయన ఫక్కున నవ్వి, పోగు తెంపుకున్నాడు. వనజకు మాత్రం ఆ చీరమీద మనసు పడింది. రామచంద్రయ్యకు ఆ ఒక్క చోట కాస్త ఊపిరి ఆడింది.

జూరాల తొవ్వలో పత్తి చేల దగ్గర కారు ఆపించాడు. ఆడవాళ్ళు వరసల్లో నడుస్తూ మగచెట్ల పూలు తెచ్చి ఆడచెట్ల పూలకు రుద్దుతున్నారు. "చూసినవా పెద్దమ్మా, ఇక్కడ పుట్టిన పత్తిగింజ ఎక్కడెక్కడికో వోతది. పువ్వు పువ్వుకు చేత్తోని పెండ్లి జేసే ఊరు మాది. ఇంత ఓపికున్నోళ్ళం, మీ పిల్లను కష్టపెడ్తమా?"

ఇది జగదీశ్‌కు కూడా నచ్చింది. ఫోను జేబులో పెట్టాడు. రామచంద్రయ్య గడియారం చూసుకున్నాడు. రెండయింది. అంతా అనుకున్నట్టే సాగుతోంది.

జూరాల దగ్గర కారు దిగగానే చేపలు వేగుతున్న వాసన. శ్రావణమని ఎవరూ ముట్టలేదు. పెళ్ళిబొట్టుతో ఉన్న గోపి మాత్రం, తాను లెక్కకు వచ్చినవాడే గాని చుట్టం కాదని చెప్పి, ఒక ప్లేటు తెప్పించుకున్నాడు. మిగతావాళ్ళు మిరపకాయ బజ్జీలు తిన్నారు.

అప్పుడు రుక్కమ్మ నదిని చూసింది.

గేట్లలోంచి తెల్లగా దూకి, కిందకు పోయేసరికి ఎర్రగా, ఒడ్డూ దరీ లేకుండా పరుచుకుని పోతోంది కృష్ణ. నీటి తుంపర ముఖానికి తగులుతోంది. రుక్కమ్మ ఒడ్డు అంచుదాకా నడిచింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావి అడుగున చెంబుతో తోడిన నీళ్ళు, మూడు బిందెల కోసం తెల్లవారక ముందే నడిచిన తొవ్వలు, దారిలో జారి పగిలిన కుండ దగ్గర కూర్చుని ఏడ్చిన రోజు, అన్నీ ఒక్కసారే ఆమె గుండెలో లేచాయి.

"ఇన్ని నీళ్ళు!" అంది.

రామచంద్రయ్య ఛాతీ పొంగింది. కృష్ణ తన సొంత పెరట్లో పెంచుకున్నదైనట్టు చెయ్యి చాపాడు. "నేను చెప్పలేదా పెద్దమ్మా?"

"మా దిక్కు గూడ ఇదే నది కొడుకా. అడివి లోపల, లోయల పారుతది. గుట్టమీదికెల్లి చూస్తే కనబడ్తది, చెయ్యి జాపితే అందది." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది. "మీ ఇంటికి ఈడికి ఎంత దూరం?"

"ఎంత దూరం? బస్సుల అర్ధగంట."

"అయితే మీ ఊరి ఆడోళ్ళు నెత్తిమీద బిందె వెట్టుకొని బస్సెక్కుతరా?"

గోపికి చేపముల్లు గొంతులో అడ్డుపడింది. వనజ అటు తిరిగి నవ్వుకుంది. రామచంద్రయ్య ఏదో చెప్పబోయాడు, గేట్ల హోరులో అది ఎవరికీ వినబడలేదు. అదే ఆయన అదృష్టం.

"ఇగ ఇంటికి వోదాం," అంది రుక్కమ్మ.

"బీచుపల్లి ఆంజనేయస్వామిని చూస్తే..."

"దేవుణ్ణి పెండ్లినాడు చూస్త. గోపీ, వచ్చిన తొవ్వలనే పోనియ్యి."

గోపి తోలాడు. తిన్న చేపల బలమో ఏమో, మహా వేగంగా తోలాడు. రామచంద్రయ్య దారిపొడుగునా ప్రతి రాయికీ చరిత్ర చెప్పి కారు ఆపించాలని చూశాడు. కుదరలేదు. నాలుగు దాటి కొద్దిసేపైందో లేదో, కారు మిట్టగల్లీ మొదట్లో ఆగింది. ఆగక తప్పలేదు, దారి నిండా బిందెలు.

నల్లా వచ్చింది. గల్లీ గల్లీ అంతా పల్లంలోకి దిగింది. ప్లాస్టిక్ బిందెలు, స్టీలు బిందెలు, రంగు డబ్బాలు, ఒకరి కొంగు ఒకరు లాగుడు, "నా వంతు, నీ వంతు" అని అరుపులు. ఆ గందరగోళం నడుమ ఎదురింటి జోగులమ్మ తన నీలం డ్రమ్మును కాలితో దొర్లించుకుంటూ, గల్లీ అదిరేట్టు కేకేసింది.

"లలితక్కా! నీ అయిదు డ్రమ్ములు నా ఇంట్లనే ఉన్నయి, నాకు కాలు వెట్టనీకె జాగ లేదు. ముసలామె పోయిందా లేదా? పోతే వచ్చి తీస్కపోరాదు!"

ముసలామె కారు తలుపు తీసుకుని సరిగ్గా జోగులమ్మ ముందే దిగింది.

రామచంద్రయ్య కారులోంచి దిగనే లేదు. దిగితే ఏమని చెప్పాలి? సాంకేతిక కారణాలా? వెనక సీటులో జగదీశ్ ఊపిరి గట్టిగా వదలడం వినబడింది. అయిపోయింది. కొడుకు ముఖం ఎట్లా చూడాలి? ఉన్నది ఉన్నట్టు చెబుదామని వాడు అన్నాడు. తన నోరే వాడి కాపురం కూల్చింది. ఆ మాట తనకు తానే చెప్పుకునేసరికి రామచంద్రయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది.

నిరంజన్‌కు ఇవేమీ తెలియవు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చుట్టాల కోసం తొడిగిన కొత్త చొక్కా భుజం దగ్గర తడిసి ముద్దయి ఉండగా, నిండు బిందె భుజాన పెట్టుకుని మిట్ట ఎక్కుతున్నాడు. దించి వచ్చాడు. మళ్ళీ నింపాడు. ఈసారి బిందె ఎవరిదో ముసలామెది, ఆమె గుమ్మంలో పెట్టి వచ్చాడు. "నిరంజనూ, జర నాది గూడ ఎత్తు," అంటే ఎత్తాడు. వంతు దగ్గర ఇద్దరు కొట్లాడుకుంటుంటే నడుమ దూరి సర్ది చెప్పాడు. మూడో బిందెతో తిరిగేసరికి ఎదురుగా రుక్కమ్మ కనబడింది. భుజం మీదున్న బిందె దించాలా, దండం పెట్టాలా తెలియక అట్లాగే నిలబడ్డాడు.

"బరువుంటది, పో నాయినా, దించిరా," అంది రుక్కమ్మ.

ఆమె నిదానంగా మిట్ట ఎక్కి ఇంటికొచ్చింది. వెనకాలే అందరూ వచ్చారు, ఏదో తప్పుచేసి దొరికినవాళ్ళలా. లలితమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈ పిలగాడు ఎన్నేండ్లసంది మోస్తుండు?" అడిగింది రుక్కమ్మ.

అబద్ధమాడే ఓపిక లలితమ్మకు అయిపోయింది. "పదో తరగతిసంది అత్తమ్మా. అప్పుడే నా మోకాలు పట్టేసింది. నువ్వు మొయ్యొద్దమ్మా అని బిందె గుంజుకున్నడు. గప్పటిసంది నాకు ఇయ్యలే. పరీక్షలప్పుడు గూడ ఇయ్యలే."

"మరి ఈయన?"

"ఆయినె మైకుల ఉంటుండె," అంది లలితమ్మ.

రుక్కమ్మ అరుగు మీద కూర్చుంది. కాసేపు గల్లీలో ఎక్కీ దిగే ఆడవాళ్ళను చూసింది.

"నా మొగడు మంచోడు. తాగలే, తిట్టలే. గని చచ్చేదాంక ఒక్క బిందె ఎత్తలే. నా కొడుకుగూడ ఎత్తలే." జగదీశ్ తన తెల్లబట్టల కేసి చూసుకున్నాడు. "నీళ్ళున్న ఊరు, నీళ్ళున్న ఊరు అని దేశమంత తిరుగుతున్న. నీళ్ళు మోసే మొగోడు ఉంటడని నాకు తోచనే తోచలే. వనజా, తాంబూలం తియ్యి."

వనజ సంచిలోంచి తమలపాకులు తీసింది. నిరంజన్ తడిచేతులతోనే అందరి కాళ్ళకూ మొక్కాడు. రామచంద్రయ్య ఆనందం పట్టలేకపోయాడు. పోయిందనుకున్న సంబంధం ఒళ్ళో వచ్చి వాలింది. ఆ సంతోషంలో గొంతు మళ్ళీ మోగింది.

"చూసినవా పెద్దమ్మా, నేను చెప్పలే! నడిగడ్డ మనుషులే వేరు. కృష్ణ, తుంగభద్ర రెండు నదుల నడుమ పెరిగినోళ్ళం..."

లలితమ్మ లోపలికి పోయి, చింతపండుతో తోమి మెరిపించిన ఇత్తడి బిందె తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు చెప్పింది లేదు, ఇప్పుడూ చెప్పలేదు. అందరూ చూస్తున్నారు. రామచంద్రయ్య బిందె పట్టుకుని పల్లంలోకి దిగాడు.

నల్లా దగ్గర ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి. మైకు సారు బిందెతో వచ్చాడని ఆడవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు, ఆ మర్యాదే ఆయనకు ఎక్కువ సిగ్గనిపించింది. బిందె నిండింది. భుజానికెత్తుకోబోతే మొదటిసారి ఒలికింది. రెండోసారి జోగులమ్మ ఎత్తిపెట్టింది. నాలుగడుగులు బాగానే వేశాడు. తర్వాత మోకాళ్ళు వణికాయి, మెడ నరం పట్టేసింది, నీళ్ళు వీపు మీదుగా కారి పంచెలోకి పోయాయి. సగం దారిలో ఎవరిదో అరుగు పట్టుకుని ఆగాల్సి వచ్చింది. పైకి చూస్తే ఇల్లు ఇంకా అంత దూరాన ఉంది. గద్వాల నుంచి ఏ ఊరు ఎంత దూరమో, ఏ తొవ్వలో ఎన్ని వాగులు అడ్డొస్తాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి. తన ఇంటి ముందు మిట్ట ఇంత ఎత్తుంటుందని ఆయనకు ఆనాటిదాకా తెలియదు.

ఎట్లాగో పైకెక్కి, రొప్పుతూ బిందె అరుగుమీద దించాడు. సగమే ఉంది. తుడుచుకోవడానికి కండువా కోసం చూస్తూ, "ఈ మిట్ట అన్నేండ్లు బిందెతోని ఎట్ల ఎక్కినవే?" అన్నాడు లలితమ్మతో. మైకు లేని గొంతుతో అన్నాడు.

ఆమె ఆయన ముఖం కేసి చూసింది. కళ్ళు తడిశాయో, కారిన నీళ్ళేనో చెప్పడం కష్టం. తర్వాత బిందెలోని నీళ్ళు, నిరంజన్ జోగులమ్మ ఇంట్లోంచి తెచ్చిపెట్టిన డ్రమ్ములో వంచి, ఖాళీ బిందె మళ్ళీ ఆయనకే అందించింది.

"చాయ పెట్టాలె. ఈసారి నిండుగ తే," అంది.